గుత్తకిచ్చిన వైద్యానికి కావలి ఎవరు?

(కమలాపురం మండల సమాఖ్య వార్షిక మహాసభలో ఆరోగ్య ఉపసంఘం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



నాకు ఇచ్చిన అంశం ఆరోగ్యం. ప్రతి ఏడాదీ ఈ అంశం మీద రక్తహీనత గురించో, చేతులు కడుక్కోవడం గురించో మాట్లాడుకుంటాం. అవి అవసరమే. కానీ ఈసారి నేను అప్పుల పుస్తకం నుంచి మొదలుపెడతా.

మనం సంఘంలో అప్పు ఇచ్చేటప్పుడు ‘దేనికోసం’ అనే గడి ఒకటి నింపుతాం. పాడి గేదె, శనగ విత్తనాలు, పిల్లోల్ల ఫీజు, ఇట్ల రాస్తాం. పోయినేడు నేను మా సంఘం పుస్తకంలో ఆ గడి ఒక్కటే వరసగా చదువుకుంటా పోయినా. ‘ఆసుపత్రి’ అనే మాట లేని పేజీ కనబడలేదు. అందరికీ కార్డు ఉంది. ఉచిత వైద్యం అని ఆసుపత్రి గోడ మీద రాసి ఉంది. మరి అప్పు ఎందుకు అయితాంది? ఈ ప్రశ్నతోనే ఉపసంఘంలో కూర్చున్నాం.

మా సంఘంలోనే ఒక అక్క సంగతి చెప్తా. వాళ్లాయన బండి మీద నుంచి పడి కాలు విరిగింది. ఒక ప్రైవేటు ఆసుపత్రిలో చేర్చినారు. కార్డు మీదనే ఆపరేషన్ అయింది. అయినా 22 వేలు కట్టించుకున్నారు. “కార్డులో వచ్చే రాడ్డు మామూలుది, మంచిది వేయాలంటే పైన కట్టాల” అన్నారంట. రసీదు అడిగితే “కార్డు కేసుకు రసీదు ఉండదమ్మా” అన్నారంట. ఇంటికి పంపే రోజు నాలుగు కాగితాల మీద సంతకాలు పెట్టించుకున్నారు. అందులో ఒకటి, ‘నా దగ్గర డబ్బులేమీ తీసుకోలేదు, వైద్యం తృప్తిగా ఉంది’ అనే కాగితం. ఆ అక్కకు చదువు వచ్చు. కానీ బయట ఆటో నిలబడి, లోపల మనిషి మంచం మీద మూలుగుతా ఉంటే ఎవరు చదువుతారు?

తర్వాత మేం 104కు ఫోన్ చేసినాం. విచారణకు పిలిచినారు కూడా. ఆసుపత్రి వాళ్లు ఆ సంతకం కాగితం తీసి చూపించినారు. మన చేతిలో చూపించడానికి ఏమీ లేదు. 22 వేలూ పోయినాయి. ఆ అప్పు కంతులు ఆ అక్క ఇప్పటికీ మన సంఘంలోనే కడతా ఉంది.

ఇది ఆ ఒక్క అక్క తెలివితక్కువతనం కాదు. ఆమె సంతకం పెట్టిన కాగితం వెనుక ఇంకో పెద్ద ఒప్పందం ఉంది. అది మనకు ఎవరూ చదివి వినిపించలేదు. ఈ రోజు దాని గురించే చెప్తా.

ఒప్పందం ఎవరెవరి మధ్య?

వెనకటికి పెద్ద జబ్బు వస్తే, ముఖ్యమంత్రి సహాయనిధి కోసం కాగితాలు పట్టుకొని హైదరాబాదు చుట్టూ తిరిగేవాళ్లు. పైరవీ ఉన్నోళ్లకు దొరికేది. 2007 ఏప్రిల్ 1న అనంతపురం, మహబూబ్‌నగర్, శ్రీకాకుళం జిల్లాల్లో రాజీవ్ ఆరోగ్యశ్రీ మొదలైంది. 2008లో మన కడప జిల్లాకు వచ్చింది. అప్పటి ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డి మన జిల్లా వాడే, స్వయంగా డాక్టరు. రాష్ట్ర విభజన తర్వాత ఇది ఎన్టీఆర్ వైద్య సేవ అయింది. 2019లో వై.ఎస్.ఆర్. ఆరోగ్యశ్రీ అయింది. 2024లో మళ్లీ ఎన్టీఆర్ వైద్య సేవ అయింది. పేరు ఎన్నిసార్లు మారినా లోపలి కట్టుబాటు దాదాపు ఒకటే.

ఆ కట్టుబాటులో మూడు పక్షాలు ఉన్నాయి. ఒకటి, డబ్బు ఇచ్చే పక్షం. అది మొదట స్టార్ హెల్త్ అనే బీమా కంపెనీ. 2008 జూలై నుంచి కొత్తగా చేర్చిన జబ్బులకు ప్రభుత్వ ట్రస్టే నేరుగా ఇవ్వడం మొదలుపెట్టింది, తర్వాత మొత్తం ట్రస్టు చేతికి వచ్చింది. రెండోది, వైద్యం చేసే పక్షం, అంటే ఆసుపత్రి. ఈ ఇద్దరూ ఒప్పందం రాసుకుంటారు. అట్ల రాసుకున్నదాన్నే నెట్‌వర్క్ ఆసుపత్రి అంటారు. మూడో పక్షం మనం. మన ఒంటి మీద జరిగే పనికి వాళ్లిద్దరూ ఒప్పందం రాసుకుంటారు, మన సంతకం మాత్రం చివరి రోజు తృప్తి కాగితం మీద పడుతుంది.

ఒప్పందంలో చేరాలంటే ఆసుపత్రికి ఇన్ని మంచాలు ఉండాల, ఈ చదువు ఉన్న డాక్టర్లు ఉండాల, ఈ యంత్రాలు ఉండాల అని షరతులు ఉంటాయి. వచ్చి చూసి చేర్చుకుంటారు. ఇక్కడ ఒక సంగతి గట్టిగా గుర్తుపెట్టుకోండి. ఆసుపత్రిని చేర్చుకునేది జబ్బుల విభాగాల వారీగా. ఎముకలకు ఒప్పందం ఉన్న ఆసుపత్రికి గుండెకు ఉండకపోవచ్చు. “మా దగ్గర కార్డు నడుస్తుంది” అంటే చాలదు. “ఈ జబ్బుకు నడుస్తుందా” అని అడగాల. ఇది అడగకుండా చేరి, రెండు రోజుల తర్వాత “ఇది కార్డులో రాదు” అనిపించుకొని, బిల్లు కట్టి బయటపడినోళ్లు మన ఊర్లల్లో ఉన్నారు.

కూలి పని, గుత్త పని

ఇప్పుడు డబ్బు సంగతి. మనకు తెలిసిన లెక్కలోనే చెప్తా.

శనక్కాయలు పెరకడానికి కూలికి మనుషులను పెడితే ఎన్ని రోజులు చేస్తే అన్ని కూలీలు. పని సాగితే కూలోళ్లకు లాభం. అదే చేనుకింత అని గుత్తకు ఇస్తే, ఎంత తొందరగా ముగిస్తే వాళ్లకు అంత లాభం. కాయలు భూమిలో మిగిలిపోయినా వాళ్లకు పట్టదు. కూలికి ఇచ్చినా, గుత్తకు ఇచ్చినా, గట్టు మీద మనిషి నిలబడి చూసుకోవాల్సిందే. చూసుకునే తీరు మాత్రం వేరు.

ఆసుపత్రిలో మనం సొంత డబ్బు కడితే అది కూలి పని. ఎన్ని పరీక్షలు రాస్తే అంత బిల్లు. కార్డు మీద చేస్తే అది గుత్త. ఒక్కో చికిత్సకు ఇంత అని ముందే ధర కట్టి ఉంటుంది. దాన్ని ప్యాకేజీ అంటారు. ఆ ధరలోనే పరీక్షలు, డాక్టరు ఫీజు, మందులు, మంచం, శరీరంలో వేసే రాడ్డు లాంటివి, రోగికి భోజనం, ఇంటికి పోయేదానికి దారి ఖర్చు, ఇంటికి పోయినాక పది రోజుల మందులు అన్నీ ఉంటాయి. పరీక్షలు చేసి చివరికి ఆపరేషన్ అవసరం లేదన్నా, ఆ పరీక్షలకు డబ్బు అడగకూడదు.

గుత్తలో మోసం ఎట్ల జరుగుతుందో మీకు చెప్పాల్సిన పని లేదు. మొదటిది, గుత్త ధరలో ఉన్నదానికే మళ్లీ మన దగ్గర వసూలు చేయడం. మా అక్కకు జరిగింది అదే. రెండోది, మనిషి కోలుకోకముందే ఇంటికి పంపడం. మూడోది, గిట్టుబాటు అయ్యే కేసులు తీసుకొని, గిట్టని కేసులకు “మంచాలు లేవు” అనడం. నాలుగోది అన్నిటికంటే ఘోరం. అవసరం లేకున్నా ఆపరేషన్ చేయడం. గుత్త డబ్బు ఆపరేషన్ చేస్తేనే వస్తుంది కాబట్టి.

గర్భసంచి సంగతి

ఈ నాలుగోది ఆడోళ్ల మీద ఎట్ల పడిందో మన రాష్ట్రమే సాక్ష్యం. 2015–16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ల ఆడోళ్లను అడిగితే, దేశం మొత్తం మీద నూటికి 3.2 మందికి గర్భసంచి తీసేసి ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 8.9 మందికి. దేశంలో అన్ని రాష్ట్రాల కంటే మనమే ముందున్నాం. ఈ ఆపరేషన్లలో దేశం మీద మూడింట రెండు వంతులు జరిగింది ప్రైవేటు ఆసుపత్రుల్లోనే.

తెల్లబట్ట అయితాందనో, నడుము నొప్పి అనో, నెలసరి ఎక్కువ అయితాందనో పోతే “సంచి తీసేస్తే పీడ పోతుంది, లేకుంటే క్యాన్సరు అవుతుంది” అని భయపెట్టి తీసేసినారు. ముప్పై, ముప్పై అయిదేళ్ల పిల్లోల్లకు కూడా తీసినారు. వాటితోపాటు అండాశయాలు కూడా తీసేస్తే ఎముకలు తొందరగా గుల్లబారతాయి, గుండె జబ్బు ముప్పు పెరుగుతుంది. శనక్కాయ చేన్లో వంగి పని చేసేదానికి ఎముకలే కదా పెట్టుబడి.

ఆరోగ్యశ్రీ కింద ఈ ఆపరేషన్లు మితిమీరి జరుగుతున్నాయని గొడవ వచ్చినాక, ప్రైవేటు ఆసుపత్రుల ఒప్పందం నుంచి దీన్ని తీసి ప్రభుత్వ ఆసుపత్రులకు పరిమితం చేసినారు. ఒప్పందంలో ఒక్క గీత మారిస్తే ఎంత మంది ఒళ్లు కాపాడొచ్చో దీంతో తెలుస్తుంది. కానీ సొంత డబ్బు కట్టి చేయించుకునేదానికి ఆ గీత అడ్డం రాదు. బీహార్, ఛత్తీస్‌గఢ్, రాజస్థాన్ రాష్ట్రాల్లో బీమా డబ్బు కోసం ఇట్లనే చేసినారని వేసిన కేసులో, 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు అన్ని రాష్ట్రాలూ కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాలు పాటించాలని చెప్పింది. కాబట్టి మన సభ్యురాలికి ఎవరైనా సంచి తీయాలని చెప్తే, కడప రిమ్స్‌లోనో, ప్రొద్దుటూరు జిల్లా ఆసుపత్రిలోనో రెండో డాక్టరుకు చూపించకుండా ఆ ఆపరేషన్‌కు సంఘం నుంచి అప్పు ఇవ్వొద్దని మా ఉపసంఘం కోరుతోంది. ప్రాణం మీదికి వచ్చిన కేసు సంగతి వేరు.

ఇప్పుడు కావలి ఎవరున్నారు?

కావలి బొత్తిగా లేదని చెప్పను. ప్రతి నెట్‌వర్క్ ఆసుపత్రిలో ఆరోగ్యమిత్ర బల్ల ఉంటుంది. కార్డు, ఆధార్ చూసి పేరు ఎక్కిస్తారు. ఆసుపత్రి తరఫు డాక్టరు పరీక్షల కాగితాలు కంప్యూటర్లో పంపుతాడు. ట్రస్టు డాక్టర్లు అవి చూసి అనుమతి ఇస్తారు. అత్యవసరమైతే ఫోన్ మీద కూడా అనుమతి దొరుకుతుంది. ఆపరేషన్ అయినాక ఫోటోలు, డిశ్చార్జి కాగితం, మన తృప్తి కాగితం పంపితేనే బిల్లు పాసవుతుంది. తప్పు చేసిన ఆసుపత్రికి నోటీసు ఇవ్వొచ్చు, వసూలు చేసింది తిరిగి ఇప్పించొచ్చు, జరిమానా వేయొచ్చు, కొంతకాలం ఆపొచ్చు, జాబితా నుంచే తీసేయొచ్చు.

లోపం ఎక్కడుంది? ఈ కావలి అంతా కాగితం చూసేది. దూరంగా కూర్చున్న డాక్టరుకు స్కానింగ్ కనబడుతుంది కానీ మంచం పక్కన చెవిలో అడిగిన 22 వేలు కనబడవు. డెయిరీలో పాలు పోసేటప్పుడు వెన్న శాతం చూసే యంత్రం వాళ్లదే, రేటు కట్టేదీ వాళ్లే. అట్లనే ఇక్కడ కాగితం తయారు చేసేది ఆసుపత్రే, దాని మీద డబ్బు తీసుకునేదీ ఆసుపత్రే.

ఫోన్ నంబరు సంగతి కూడా చెప్పాల. కేంద్రం వారి ఆయుష్మాన్ భారత్ పథకం మీద 2023లో కాగ్ ఇచ్చిన నివేదికలో, దాదాపు ఏడున్నర లక్షల మంది పేర్లకు ఒకే ఒక్క నంబరు, పది తొమ్మిదులు, రాసి ఉందని తేలింది. “మీ దగ్గర డబ్బు తీసుకున్నారా?” అని అడగాలంటే ఎవరికి ఫోన్ చేస్తారు? అందుకే మన నంబరు మనమే చెప్పి, సరిగ్గా ఎక్కించినారా అని చదివించుకోవాల.

ఒక పాత సంగతి కూడా గుర్తు చేస్తా. పథకం మొదలైనప్పుడు ఆరోగ్యమిత్రలను పెట్టడంలో జిల్లా సమాఖ్యల చేయి ఉండింది. అంటే కావలికి మనుషులను పంపింది మన సంఘాలే. మెల్లగా మనం ఆ పని మరిచిపోయినాం. ఆరోగ్యమిత్ర కూడా ఆసుపత్రి ఉద్యోగి అనుకుంటున్నాం. కాదు. ఆ బల్ల మన కోసం వేసింది.

బకాయిలు, బీమా కంపెనీ

ఆసుపత్రుల వైపు మాట కూడా న్యాయంగా చెప్పుకోవాల. ఒప్పందం అంటే రెండు వైపులా ఉండాల. చేసిన వైద్యానికి డబ్బు నెలల తరబడి రాకుంటే ఆసుపత్రి ఎట్ల నడుస్తుంది? 2025 అక్టోబరులో బకాయిలు ఇవ్వలేదని నెట్‌వర్క్ ఆసుపత్రుల సంఘం సేవలే ఆపింది. అట్లాంటి సమయంలో చిన్న ఆసుపత్రులు మందులు బయట తెమ్మంటాయి. పెద్దవి మంచాలు లేవంటాయి. పైన ఇద్దరికీ లెక్క తేలకుంటే, ఆ మిగిలిన లెక్క మన సంఘం అప్పుల పుస్తకంలోకి వస్తుంది.

2025 సెప్టెంబరులో రాష్ట్ర మంత్రివర్గం ఇంకో పద్ధతికి ఆమోదం తెలిపింది. కుటుంబానికి ఏడాదికి రెండున్నర లక్షల వరకు బీమా కంపెనీ, అది దాటితే 25 లక్షల వరకు ట్రస్టు అని. అంటే 2007లో ఉన్న బీమా కంపెనీ మళ్లీ వస్తోంది. మంచిదా చెడ్డదా అని నన్ను అడుగుతున్నారు. నాకు అర్థమైన తీరు ఇది. ట్రస్టు ఖజానా డబ్బు ఇస్తుంది, ఖజానాలో లేకుంటే ఆలస్యం చేస్తుంది. బీమా కంపెనీ ప్రీమియం ముందే తీసుకుంటుంది, ఖర్చు పెట్టనిది దానికి మిగులుతుంది. కాబట్టి ఆసుపత్రి దొంగ బిల్లును అది గట్టిగా పట్టుకుంటుంది. అదే గట్టితనంతో మన నిజమైన కేసును కూడా “కుదరదు” అనే ప్రమాదం ఉంది. ట్రస్టు కింద మనం అడగాల్సింది “ఎందుకు డబ్బు తీసుకున్నారు” అని. బీమా కంపెనీ వస్తే దాంతోపాటు “ఎందుకు కాదన్నారు, రాసివ్వండి” అని కూడా అడగాల.

ఇంకొక అపోహ. సంఘం ద్వారా, బ్యాంకు ద్వారా ఏడాదికి కట్టే 436 రూపాయల జీవన జ్యోతి, 20 రూపాయల సురక్షా బీమా ఆసుపత్రి ఖర్చుకు పనికిరావు. మొదటిది మనిషి చనిపోతే, రెండోది ప్రమాదంలో చనిపోయినా, అంగవైకల్యం వచ్చినా. ఆసుపత్రిలో ఆ పాసుపుస్తకం చూపించి భంగపడొద్దు.

మనం ఏం చేయాల?

ఉపసంఘం అయిదు పనులు మీ ముందు పెడుతోంది.

ఒకటి. ఆసుపత్రికి పోయే సభ్యురాలితో సంఘం నుంచి ఇంకొక మనిషి పోవాల. నొప్పితో ఉన్నోళ్లు ప్రశ్నలు అడగలేరు. తోడు పోయినోళ్లు అడగగలరు.

రెండు. చేరకముందే ఆరోగ్యమిత్ర దగ్గర మూడు ప్రశ్నలు. ఈ జబ్బుకు ఈ ఆసుపత్రికి ఒప్పందం ఉందా? అనుమతికి పంపినారా, వచ్చిందా? ప్యాకేజీలో ఏమేం ఉన్నాయి? జవాబులు నోటుబుక్కులో రాసుకోవాల, తేదీతో, టైముతో.

మూడు. డబ్బు అడిగితే అక్కడే, ఆ నిమిషంలోనే 104కు చేయాల. ఇంటికి వచ్చినాక కాదు. తప్పనిసరై కట్టాల్సి వస్తే ఫోన్‌పేలో కట్టండి, చేతికి ఇవ్వొద్దు. రసీదు ఇవ్వకున్నా ఫోన్లో ఆనవాలు మిగులుతుంది.

నాలుగు. తృప్తి కాగితం చదవకుండా, ఖాళీగా ఉన్నది సంతకం పెట్టొద్దు. డబ్బు తీసుకొని ఉంటే ‘ఇంత కట్టినాను’ అని సంతకం పక్కన రాయండి. తెలుగులో రాస్తే చాలు.

అయిదు. ప్రతి గ్రామైక్య సంఘంలో ఒక ఆసుపత్రి పుస్తకం పెడదాం. ఎవరు, ఏ జబ్బు, ఏ ఆసుపత్రి, ఎంత కట్టినారు, దేనికి. పేర్లు బయట పెట్టొద్దు, లెక్క మాత్రం పెడదాం. ఒక్క ఆడమనిషి ఫిర్యాదు చేస్తే ‘ఆమె అట్లనే అంటుంది’ అంటారు. ఒకే ఆసుపత్రి మీద ఆరు ఊర్ల నుంచి ఒకే తీరు లెక్క వస్తే, జిల్లా సమాఖ్య తీర్మానంతో ట్రస్టు జిల్లా కోఆర్డినేటరు ముందు పెడితే, అప్పుడు విచారణకు ఆధారం ఉంటుంది.

ఇది జరిగే పనేనా అంటారేమో. మొన్న వేరే సంఘం చెల్లెలు ఒకామె వాళ్ల అత్తను పిత్తాశయం ఆపరేషన్‌కు తీసుకుపోయింది. తోడు మనిషి పోయింది, నోటుబుక్కు పోయింది. “మందులకు ఎనిమిది వేలు” అన్నారు. ఈ పిల్ల పుస్తకం తెరిచి “ఏ మందు, పేరు చెప్పండి, రాసుకుంటా” అనింది. అంతే, మళ్లీ ఎవరూ అడగలేదు. ఆ పిల్ల గొంతు కూడా పెంచలేదు.

మనం బ్యాంకు దగ్గర ఎట్ల నిలబడినాం? ముప్పై ఏళ్ల కింద బ్యాంకు మేనేజరు మనల్ని లోపలికే రానిచ్చేవాడు కాదు. వారం వారం మీటింగు, పొదుపు, లెక్కల పుస్తకం. ఆ పుస్తకం చూసే అప్పు ఇచ్చినాడు. ఆసుపత్రి దగ్గర కూడా మనల్ని నిలబెట్టేది ఆ పుస్తకమే.

చివరిగా ఒక మాట. 22 వేలు పోగొట్టుకున్న మా అక్క ఈ సభలోనే కూర్చొని ఉంది. తన సంగతి చెప్పమని చెప్పింది ఆమే. “నా డబ్బు రాకున్నా పర్వాలేదు, ఇంకొకరిది పోకూడదు” అనింది. ఆసుపత్రి పుస్తకం మొదటి పేజీలో ఆ లెక్కే రాద్దాం. వచ్చే మహాసభ నాటికి ప్రతి ఊరి పుస్తకం ఈ బల్ల మీద ఉండాలని కోరుతూ, ఈ అయిదు పనులను తీర్మానంగా ఆమోదించమని సభను అడుగుతున్నా.